గడపలు లేని ఇల్లు

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచింది తల్లే. లేచిందే కానీ మంచం దిగలేదు. కాళ్ళు కిందికి వేలాడేసి, కట్టు కట్టిన ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరి అడుగుల చప్పుడైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చుంది. ఇల్లు బాగుచేయించక ముందైతే ఈపాటికి పొయ్యి వెలిగేది, టీ మరిగేది, ఇంకా నిద్రలేవని వాళ్ళకి తిట్లు కూడా అందేవి.

కూతురు జుట్టు ముడేసుకుంటూ తన గదిలోంచి వచ్చింది.

"అయ్యో, లేచి కూర్చున్నావా? పిలవొచ్చు కదమ్మా."

"నువ్వు పడుకున్నావేమో అని."

"టీ పెట్టనా?"

"పెట్టు."

ఆ 'పెట్టు' అన్న మాట విన్నప్పుడల్లా కూతురికి గుండె కలుక్కుమంటుంది. తన వంటింట్లో ఇంకొకరు అడుగుపెడితే ఊరుకునే మనిషి కాదు తల్లి. గిన్నె ఒకటి అటుదిటు అయితే ఇల్లు పీకి పందిరేసేది. అలాంటి మనిషి ఇప్పుడు ఎవరేం పెడితే అది తిని, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటోంది. మనసు బాగోలేదు, భర్త అలా అయిపోతే ఏ ఇల్లాలికైనా అంతే కదా అన్నాడు డాక్టరు. కూతురు నమ్మింది. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మింది అనడమే న్యాయం.

తండ్రి దర్జీ. వీధిలోకి ఉన్న ముందు గదే ఆయన కొట్టు. కూతురు చిన్నప్పుడు మెడలో ఆయన టేపు వేసుకుని కనిపించినదాన్నల్లా కొలిచేది, పక్కింటి కుక్కతో సహా. అందుకే ఆ ఇంట్లో ఆమె పేరు టేపు అయి కూర్చుంది. పెద్దయ్యాక కూడా కొలిచే పనే దొరికింది. ఊరి వీధులకి నమూనాలు గీసే ఆఫీసులో ఉద్యోగం. నడవలేనివాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లల బండ్లు తోసుకెళ్ళే తల్లులు, అందరూ ఎవరి సాయం లేకుండా తిరగగలిగేలా ఫుట్‌పాత్‌లు, బస్‌స్టాపులు గీయడం ఆమె పని. ఆ పని మీద ఆమెకి ప్రాణం.

తండ్రికి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో తెచ్చిన రోజు ఆ కుర్చీ కొట్టు దాటే మొదటి గుమ్మంలోనే ఇరుక్కుపోయింది. గదికీ గదికీ మధ్య ఇరుకు గుమ్మాలు, ఎత్తు గడపలు. వంటింట్లోకి దిగాలంటే మెట్టు. ఊళ్ళోవాళ్ళందరికీ దారులు వేసే కూతురు, కన్నతండ్రిని నడిమి గదిలోకి తీసుకెళ్ళలేక తలుపు పట్టుకుని నిలబడిపోయింది. చాలా వారాలు ఆయన కొట్టులోనే, కుట్టు మిషను పక్కన మంచం మీదే ఉన్నాడు. స్నానం కూడా అక్కడే, తెర చాటున. బయట ఎవరో నవ్విన చప్పుడు వినిపిస్తే ఆయన కళ్ళు మూసుకునేవాడు. తెర పట్టుకుని నిలబడ్డ కూతురు అది చూసేది.

ఆ తెర పట్టుకునే ఆమె ఇల్లంతా మనసులో పడగొట్టేసింది. తల్లిదండ్రులని కొన్నాళ్ళు అన్నయ్య ఇంటికి పంపించి నిజంగానే పడగొట్టింది. కొట్టుకీ నడిమి గదికీ మధ్య గోడ పోయింది. వంటింటి గోడ పోయింది. గడపలన్నీ పోయాయి, మెట్టు పూడుకుపోయింది. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే నేల, ఒకే రకం పలకలు, ఎక్కడా చిన్న ఎత్తుపల్లం లేదు. పడకగది తలుపులు గోడలోకి జారి మాయమైపోతాయి. తిరిగొచ్చిన రోజు తండ్రి ఎడమ చేత్తో చక్రం తిప్పుతూ, ఎడమ కాలితో తోసుకుంటూ ముందు నుంచి వెనక దాకా వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి, వంకరపోయిన నోటితో నవ్వాడు. అందరూ ఏడ్చేశారు. తల్లి మాత్రం వీధి గుమ్మం పట్టుకునే నిలబడి "బాగుంది" అంది. ఆమె లోపలికి అడుగు పెట్టలేదని ఆ సంబరంలో ఎవరూ చూడలేదు.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. తల్లికి చూపు ఒక్కసారిగా పోలేదు. పిల్లలు బళ్ళో చదువుకునే రోజుల్లో మొదలై, ఏళ్ళ తరబడి అంచుల నుంచి లోపలికి చీకటి పడుతూ వచ్చి, ఒకనాటికి పూర్తిగా పోయింది. తండ్రి ఒక కట్టుబాటు పెట్టాడు. "మీ అమ్మకి ఎవరూ చెయ్యి అందించొద్దు. తీసిన వస్తువు తీసినచోట పెట్టండి, అంతే చాలు." స్టూలు పక్కకి జరిపి వదిలేసినందుకు కొడుకు చెంపదెబ్బ కూడా తిన్నాడు. తల్లి వండేది, ఉతికేది, కొట్టుకొచ్చిన చొక్కాలకి గుండీలు కుట్టేది. ఆవిడకి కనిపించదని తెలియకుండానే ఏళ్ళ తరబడి బట్టలు కుట్టించుకుపోయినవాళ్ళు ఉన్నారు. 'అమ్మకి కాస్త మసక', ఇంట్లో చెల్లుబాటయ్యే మాట ఇదొక్కటే. దానికి మించిన మాట ఎవరి నోటా రాకూడదు. అదంతా ప్రేమే, కాదనడానికి లేదు. కానీ ఆ ప్రేమ వల్ల పిల్లలిద్దరూ తల్లి గుడ్డిదన్న సంగతే మర్చిపోయారు.

కొడుకూ కోడలూ పదిగంటల వేళ వచ్చారు. వాళ్ళది ఊరికి అవతలి పక్క ఫ్లాటు. పోయిన వారం తల్లి హాలు మధ్యలో పడి మణికట్టు విరగ్గొట్టుకుందని తెలిసినప్పటి నుంచీ కొడుకు ఉడికిపోతున్నాడు.

"ఎలా పడ్డావమ్మా అసలు?" అన్నాడు రాగానే.

"కళ్ళు తిరిగాయి రా. వయసు కదా."

"రోజూ తిరుగుతున్నాయా?"

"నా కళ్ళ సంగతి సరే, నువ్వెందుకిలా చిక్కిపోయావు? నీ గొంతులోనే తెలుస్తోంది. మీ ఆవిడ తిండి పెట్టడం లేదా?"

"నెల నెలా ప్యాంటు వదులు చేయించుకుంటున్నాడు అత్తయ్యా, చిక్కిపోవడం కూడానా" అంది కోడలు. తల్లి నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

కోడలు వచ్చిందన్న పట్టుదలో ఏమో, కూతురు టీ తేగానే తల్లి లేచి నిలబడింది. "మీ నాన్న కప్పు ఇలా ఇవ్వు. నేనిస్తా."

"నేనిస్తాలే అమ్మా."

"ఇవ్వవే. ఆమాత్రం చెయ్యలేనా?"

కూతురు ఇచ్చింది. చెయ్యి అందించకూడదన్నది చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. తల్లి కప్పు కుడి చేత్తో పట్టుకుని, లోపల్లోపల అడుగులు లెక్కపెట్టుకుంటూ, తండ్రి పొద్దున్నే కూర్చునే కిటికీ దాకా నడిచింది. ఆగింది. కాస్త వంగింది.

"తాగండి. చక్కెర తక్కువైందని నన్ననకండి, పెట్టింది మీ గారాలపట్టి."

కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఎండ తగిలితే మంచిదని, ఆయన్ని చూసుకోవడానికి పెట్టిన ఆయా ఇందాకే కుర్చీని పెరటి గుమ్మం వైపు తోసుకెళ్ళింది.

"ఏం, అలిగారా? చల్లారిపోతుంది, తీసుకోండి" అంటూ తల్లి కప్పుని ఖాళీ గాలిలోకి చాపింది. ముఖాన చిన్న నవ్వు కూడా ఉంది. ఇంటి ఆ చివరి నుంచి తండ్రి గొంతులోంచి "ఆ... ఆ..." అని ఒక అరుపు వచ్చింది. తల్లి ఉలిక్కిపడి అటు తిరిగింది. వేడి టీ పాదాల మీద ఒలికిపోయింది.

కోడలు పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చి పాదాల మీద పోసింది. కొడుకు చెల్లెలి వైపు తిరిగాడు.

"చూశావా టేపూ? ఇదేనా నువ్వు కట్టిన ఇల్లు?"

"అరవకు అన్నయ్యా. కొత్త చోటు కదా, అలవాటవ్వాలి. కాస్త టైము పడుతుంది."

"ఎంత టైము? రెండో చెయ్యి కూడా విరిగేదాకానా?"

"మరి నాన్నని ఏం చెయ్యమంటావు? మళ్ళీ కొట్టులో పడేసి, తెర కట్టి, వీధిలో పోయేవాళ్ళ ముందు ఒళ్ళు తుడవమంటావా? అప్పుడు నువ్వెక్కడున్నావు? వారానికోసారి వచ్చి పళ్ళు ఇచ్చి పోయేవాడివి!"

"నాకు ఉద్యోగం ఉంది."

"నేనేం గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నానా?"

"చాలించండి ఇద్దరూ" అంది కోడలు నేల తుడుస్తూ. "బొబ్బలెక్కుతుందేమో చూడనివ్వండి ముందు."

కొడుకు తగ్గలేదు. "అమ్మ మాతో వస్తుంది. మా ఫ్లాటులో గోడలున్నాయి, లిఫ్టు ఉంది. నాన్న ఇక్కడ నీ దగ్గర ఉంటాడు. ఇంక దీని మీద మాట్లాడేదేం లేదు."

"వాళ్ళిద్దర్నీ విడదీస్తావా? ఈ వయసులోనా?"

"ఇప్పుడు కలిసున్నారా? ఆవిడ ఎవరికి టీ ఇచ్చిందో చూశావుగా!"

కూతురు ముఖం పాలిపోయింది. "అమ్మనే అడుగుదాం. అమ్మ ఛస్తే ఒప్పుకోదు."

"వెళ్తాను" అంది తల్లి.

పెరటి గుమ్మం దగ్గర కుర్చీ చక్రం కిర్రుమంది. కూతురికి సరిగ్గా వినబడలేదేమో అనిపించింది. "ఏమన్నావమ్మా?"

"పెద్దాడితో వెళ్తానన్నాను. బట్టలు సర్దు."

"ఎందుకమ్మా? నేనేం తక్కువ చేశాను? ఆఫీసు నుంచి వచ్చి రాత్రుళ్ళు కూర్చుని గీశాను ఈ ఇల్లు. ఎవరి కోసం?"

"మీ నాన్న కోసం. ఆయన మహారాజులా తిరుగుతున్నారు. ఆ చక్రాల చప్పుడు విన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది. నువ్వు తక్కువ చేశావని ఎవరన్నారు? ఆయనకి ఇల్లు వచ్చింది తల్లీ. నాకే పోయింది."

"నీకేం పోయిందమ్మా?"

"గోడలు పోయాయి. గడపలు పోయాయి. కాలికి గడప తగిలితే వంటిల్లు అని తెలిసేది. మెట్టు దిగితే నీళ్ళ చోటు. నడిమి గది గోడకి పెచ్చు ఊడిన చోట చెయ్యి పెడితే పక్కనే మీ నాన్న మంచం. ఇప్పుడు ఎక్కడ కాలు పెట్టినా నున్నగా ఒక్కటే. చెయ్యి చాపితే గాలి. నన్నెవరో మైదానంలో వదిలేసి వెళ్ళిపోయినట్టుంది."

తల్లి కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో నిమురుకుంది.

"ఆ రోజు నాకు కళ్ళు తిరగలేదు. దారి తప్పాను. నా ఇంట్లో నేను దారి తప్పాను. ఆయా సెలవు పెట్టింది, నువ్వు ఆఫీసుకి వెళ్ళావు. ఎంతసేపు తిరిగానో తెలీదు, ఏడుపొచ్చేసింది. మీ నాన్న ఎక్కడో కూర్చుని చూస్తూనే ఉన్నారు. కుర్చీకి బ్రేకులు వేసున్నాయి, పాపం రాలేరు, గొంతు ఎప్పుడో గానీ పెగలదు. మొదట్లో అయితే కుర్చీ చేతి మీద కణుపులతో టక్ టక్‌మని కొట్టేవారు. ఆ చప్పుడు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఆయన వేళ్ళు ఒరుసుకుపోతున్నాయని నువ్వు దాని మీద మెత్తటి దిండు కుట్టించావు."

కూతురు తండ్రి వైపు చూసింది. ఆ దిండు తనే గుడ్డ ఎంచి కుట్టించింది. ఆయన అదేపనిగా కొట్టడం జబ్బు లక్షణం అనుకుంది. డాక్టరుతో కూడా అలాగే చెప్పింది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా!" అంది. అరిచినట్టే అంది. "పడగొట్టక ముందే నీకు ప్లాను చూపించానా లేదా? బాగుందన్నావు!"

"కాగితం చూపించావు."

"అమ్మా..."

"నా చేతిలో కాగితం పెట్టి, ఇది వంటిల్లు, ఇది హాలు అన్నావు. తడిమి చూశాను. నున్నగా ఉంది. బాగుందన్నాను. ఇంకేమనను? నాకు కనిపించదన్న మాట ఈ ఇంట్లో ఎవరైనా ఏనాడైనా అన్నారా? మీ నాన్న అననివ్వలేదు. మీరు అనలేదు. నేనూ మసకే అనుకుంటూ బతికేశాను. నేను గుడ్డిదాన్నే టేపూ. అదొక్కటీ నీ ప్లానులో ఎక్కలేదు."

ఆ మాట ఆ ఇంట్లో పడటం అదే మొదలు. కొడుకు తల దించుకున్నాడు.

కూతురు తెలియక చేసిన తప్పయినా బాగుండేది. కానీ ఆమెకి తెలుసు. వీధి చివర కూడలి నమూనా గీసింది ఆమే. చక్రాల కుర్చీలు ఎక్కాలని ఫుట్‌పాత్ అంచుని రోడ్డుతో సమం చేసి గీస్తే, చూపులేని కాలేజీ మాస్టారొకాయన సభలో లేచి, "అంచు తీసేస్తే రోడ్డెక్కడ మొదలైందో నాకెలా తెలుస్తుందమ్మా?" అని అడిగాడు. ఆమె సిగ్గుపడింది. పై అధికారితో పోట్లాడి ఆ అంచు పొడవునా కాలికి తెలిసేలా గరుకు పలకలు వేయించింది. ఇప్పుడు దేశం నలుమూలల నుంచీ మనుషులొచ్చి వాటిని ఫోటోలు తీసుకుపోతారు. పరాయివాళ్ళ కళ్ళ గురించి అంత ఆలోచించిన మనిషికి, తల్లి కళ్ళ గురించి ఆలోచించడం మాత్రం చిన్నప్పుడే నిషేధమైపోయింది.

అప్పుడు తండ్రి "గో..." అన్నాడు. ఎడమ చెయ్యెత్తి ఒకప్పుడు నడిమి గోడ ఉన్న చోటుని చూపించాడు. మెడ నరాలు ఉబ్బాయి. "గో... గో..."

"గోడా నాన్నా?" అన్నాడు కొడుకు. "మళ్ళీ కట్టమంటున్నావా?"

తండ్రి తలూపాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"వద్దు!" తల్లి ఆ గొంతు వచ్చిన వైపు చర్రున తిరిగింది. "కట్టి మళ్ళీ ఆ కొట్టులో పడుంటారా? ఇన్నేళ్ళూ మీ మాటే చెల్లింది. ఇంక చెల్లదు. టేపూ, ఆయన మాట వినకు."

"గో!"

"వద్దంటే వద్దు. నేను పోతాను, మీరు తిరగండి."

"గో!"

ఆయన కోసం ఆమె ఇల్లు వదిలేస్తానంటుంది. ఆమె కోసం ఆయన మళ్ళీ గుమ్మం అవతల పడుంటానంటాడు. పక్షవాతం వచ్చాక మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోవడం అదే మొదటిసారి. వినలేక కూతురు పెరట్లోకి వెళ్ళిపోయి బట్టలుతికే బండ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కొంతసేపటికి కోడలు వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఎప్పుడూ అంత పొసగదు. ఓదారుస్తుందని కూతురు అనుకోలేదు, ఆమె ఓదార్చనూ లేదు.

"మా ఫ్లాటులో గోడలున్నాయన్నాడు మీ అన్నయ్య" అంది. "ఉన్నాయి. కానీ అవి అత్తయ్యకి తెలిసిన గోడలు కావుగా. నువ్వు ఇల్లు పడగొట్టించినన్నాళ్ళూ ఆవిడ మా ఇంట్లో బాల్కనీ పక్కన కుర్చీలోంచి లేవలేదు. కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నానని నేను మురిసిపోయాను. మా అమ్మకి ఫోన్ చేసి గొప్పలు కూడా చెప్పుకున్నాను."

కూతురు కళ్ళు తుడుచుకుని ఆమె వైపు చూసింది.

"అందుకని నువ్వొక్కదానివే తప్పంతా మూటగట్టుకోకు. నాక్కూడా వాటా ఉంది. లే. ఆవిడ బట్టలు సర్దుకోవడం మొదలెడితే ఇంక ఆపలేం."

కూతురు లోపలికి వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. టీ పడ్డ పాదాలు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, గోడ ఎక్కడ కావాలో చెప్పు."

"గోడ వద్దన్నానా?"

"ఇటుకల గోడ కాదు. నాన్న కుర్చీ దాటిపోవాలి, నీ కాలికి తెలియాలి. అలాంటిది."

"అలా కుదురుతుందా?"

"తెలీదమ్మా. నిజంగా తెలీదు. నువ్వు చెబితే నేను వేస్తా."

"ఇప్పుడెందుకే ఇదంతా..." తల్లి ముఖం తిప్పుకుంది. మూడు పూటలా ఒకరి చెయ్యి కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఆమె ధైర్యం చచ్చిపోయింది. కాలు పోయిన మనిషికి కుర్చీ తేవచ్చు కానీ చచ్చిపోయిన ధైర్యాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? కూతురు బతిమాలలేదు, కదలనూ లేదు. అలాగే నేల మీద కూర్చుంది. చాలాసేపటికి తల్లి ఒక కాలు ముందుకి చాపి పలకల మీద అటూ ఇటూ రాసింది.

"వంటింటి గడప... ఎక్కడుండేది?"

"ఇక్కడికి నాలుగు బారల దూరంలో."

"అక్కడ ముందు వెయ్యి. ఆకలేస్తే నా వంటింట్లోకి నేను పోవాలి."

కొడుకు అటక మీద నుంచి కొట్టు తాలూకు పాత ముక్కల మూట దించాడు. కాన్వాసు, జీన్సు గుడ్డ, దుప్పటి ముక్కలు, గోనె. ఒక్కొక్కటే పరిచి తల్లిని తొక్కమన్నారు. కాన్వాసు జారింది. జీన్సు గుడ్డకీ నేలకీ తేడా తెలియడం లేదంది. గోనె మీద కాలు పడగానే "ఇదీ" అంది. వెంటనే కొడుకు దాని మీదుగా తండ్రి కుర్చీ తోసి చూశాడు. రెండు మడతలు వేస్తే చక్రం ఎగిరిపడి ఆయన ముఖం చిట్లించాడు. ఒక మడత అయితే కుర్చీ దాటింది. ఆమె కాలికీ తెలిసింది. తండ్రి ఎడమ చేత్తో 'ఊఁ, కానివ్వండి' అన్నట్టు సైగ చేశాడు. కొలతలు తీసుకునేటప్పుడు కుర్రాళ్ళకి అలాగే సైగ చేసేవాడు.

ఎండ వాలేదాకా ముగ్గురూ మోకాళ్ళ మీద పాకుతూ గోనె పట్టీలు అతికించారు. పాత గోడ ఉన్న వరసలో ఒకటి. వంటింటి మొదట్లో అడ్డంగా ఒకటి. తండ్రి మంచం చుట్టూ ఒకటి. "కాలికి సరే, చేతికేదీ?" అంది తల్లి. గోడల వెంట అందంగా సర్దిన బీరువాలు, అలమరలు హాలు మధ్యకి వచ్చాయి. వాటి పక్కన కుర్చీ తిరిగేంత చోటు వదులుతూ, మధ్యలో ఆనుకోవడానికి ఒక వరస తయారైంది. ఆ హాలు అందమంతా మంటగలిసింది. గోనె సంచుల కొట్టులా తయారైంది. వచ్చే వారం ఆఫీసువాళ్ళు ఫోటోలకి వస్తామన్నారు. రానీ, చూసి పోనీ అనుకుంది కూతురు.

కొడుకు కత్తెర తీసుకుని కుర్చీ చేతి మీద మెత్తటి దిండుని కుట్లు విప్పి తీసేశాడు. తండ్రి ఆ చెక్కని కాసేపు వేళ్ళతో తడిమాడు. ఇంకోసారి పక్షవాతం వస్తే కష్టమని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఆయన ఎదురుగా ఉండీ ఆమెకి లేకుండా గడిచిపోయిన ఆ నెలలని ఎవరూ వెనక్కి తెచ్చివ్వలేరు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

"మీ నాన్నని ఏదో ఒక చివర పెట్టండి. నాకు చెప్పొద్దు ఎక్కడో" అంది తల్లి.

పెట్టారు. ఆమె మంచం దిగి నిలబడింది. గోనె పట్టీ కోసం బొటనవేలితో వెతికింది, దొరికింది. రెండు అడుగులు వేసింది. ఆగి, "వెళ్ళలేను" అంది. ఎవరూ కదల్లేదు. అవతలి చివర నుంచి టక్ టక్‌మని చప్పుడు వచ్చింది.

తల్లి తల ఎత్తింది. మళ్ళీ అడుగు వేసింది. బీరువా అంచు పట్టుకుంది, వదిలింది, తర్వాతది వెతికి పట్టుకుంది. ఒకచోట పట్టీ తప్పి పక్కకి వెళ్ళిపోయింది. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లి కాలితో గాలించి, మళ్ళీ దారిలోకి వచ్చింది. ఆ వెళ్ళడంలో ఆమె చాపిన చెయ్యి ఒక ముఖానికి తగిలింది. వేళ్ళు ఆ ముఖమంతా తడిమాయి. చెంపలు తడిగా ఉన్నాయి. పడిపోతే పట్టుకుందామని రెండు చేతులూ చాచి, తనకి తెలియకుండానే కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది.

"టేపూ, నువ్వా? ఏడుస్తున్నావా?"

"లేదమ్మా."

"సరేలే, ఏడుద్దువుగానీ." తల్లి కొంగుతో ఆ చెంపలు తుడిచింది. "ముందు పక్కకి జరుగు. దారికి అడ్డంగా నిలబడ్డావు."

కూతురు పక్కకి జరిగింది.